సగం వాక్యంలో వదిలేసిన గురక

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్ళుగా విశాఖపట్నం కూర్మన్నపాలెంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నాకు 38, మా వారికి 45. ఆయన ఆటోనగర్‌లో ఒక లారీ సర్వీసు ఆఫీసులో సూపర్‌వైజరు. నేను ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. ఒక పాప, ఎనిమిదో తరగతి. అత్తయ్య మా దగ్గరే ఉంటారు. ఎనిమిది నెలలుగా మా మధ్య భార్యాభర్తల సంబంధం లేదు. దానికి ముందు రెండుసార్లు ఆయన ప్రయత్నించి, కుదరక, అటు తిరిగి పడుకున్నారు. ఆ తరువాత ఆ ఊసే లేదు. రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూస్తారు. పలకరిస్తే విసుక్కుంటారు. పొద్దున లేస్తే తలనొప్పి. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తారు, షుగరేమోనని చూపిస్తే లేదన్నారు. బీపీకి ఒక మాత్ర చాలక రెండోది రాశారు. బరువు పెరిగి చొక్కా పై గుండీ పట్టడం లేదు. గాజువాక సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు పట్టి పడబోయారట. గురక భరించలేక నేను పాప గదిలో పడుకుంటున్నాను. ఆయనకు ఇంకెవరైనా ఉన్నారా? లేక నాలోనే లోపమా? శక్తినిచ్చే మూలికల పొడి ఒకటి ప్రకటన చూసి తెప్పించి, ఆయనకు తెలియకుండా పాలలో కలుపుతున్నాను. నాకూ నిద్ర సరిగా లేదు. దారి చెప్పండి. – ఒక సోదరి

జవాబు:

అమ్మా, అన్నిటికన్నా ముందు ఆ పొడి. ఈ రోజే ఆపేయండి. డబ్బాలో మిగిలింది అయిపోయాక చూద్దాం అనుకోకండి. మగతనం పెంచుతామని అమ్మే మూలికల మందుల్లో సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలో ఉండే మందే, పైకి చెప్పకుండా కలిపి ఉన్నట్టు పలు దేశాల్లో మందుల తనిఖీ అధికారులు పదే పదే పట్టుకున్నారు. మీ డబ్బాలో అది ఉందో లేదో నేను చెప్పలేను, మీరు చెప్పలేరు, అమ్మినవాడు చెప్పడు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రతో ఇది కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. రేపు ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చి ఆసుపత్రికి తీసుకెళితే, ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా’ అని అడుగుతారు. ‘లేదండీ’ అంటారు ఆయన. ఆయనకు తెలియదు కదా! నా చిన్నప్పుడు ఈ మందుల ప్రకటనలు బస్టాండు గోడల మీద ఉండేవి. ఎవరైనా చూస్తారేమోనని తల తిప్పుకుని నడిచేవాళ్ళం. ఇప్పుడవి ఫోనులోకి వచ్చి మన పేరుపెట్టి పిలుస్తున్నాయి. తల తిప్పుకోవడం మాత్రం మరిచిపోయాం.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం నాలుగు పేజీలు, పైన అచ్చు వేసింది దాని సారాంశమే. అందులో రెండు పేజీలు ‘ఇంకెవరైనా ఉన్నారా’ అన్న అనుమానానికి, ఒక పేజీ మీ అత్తగారికి ఇచ్చారు. గురకకు ఇచ్చింది సగం వాక్యం. అదీ మీరు గది ఎందుకు మారారో చెప్పడానికి. నాకు మాత్రం మొత్తం ఉత్తరంలో ఆ సగం వాక్యమే పెద్దక్షరాలతో కనిపించింది.

ఇందులో మీ తప్పు లేదు. మన భాషే మనల్ని పక్కదారి పట్టించింది. ‘గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు’ అంటే ఏ చింతా లేకుండా హాయిగా పడుకున్నాడని మనకు అర్థం. గురకపెట్టే మనిషి కొంపలు మునిగినా లేవడని సామెతలా చెప్పుకుంటాం. నిజానికి పెద్దగా గురకపెట్టే వాళ్ళలో చాలామంది రాత్రంతా నిద్ర కోసం కుస్తీ పడుతుంటారు. మీ వారిది ఆ కోవలోదేనని నా అనుమానం. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు, నిద్రలో శ్వాస ఆగిపోవడం.

ఏమి జరుగుతుందో చెబుతాను. మనం నిద్రలోకి జారగానే ఒంట్లో కండరాలు సడలుతాయి. గొంతులో కొండనాలుక చుట్టూ ఉన్న మెత్తటి కండ, నాలుక మొదలు కూడా వదులవుతాయి. మెడ చుట్టూ కొవ్వు చేరినవారికి గాలి వెళ్ళే దారి ముందే ఇరుకు. వదులైన కండ దాని మీదికి వాలితే గాలి ఒరుసుకుంటూ పోతుంది, అది గురక. పూర్తిగా వాలితే దారి మూసుకుపోతుంది. పొట్ట, ఛాతీ ఎగిరిపడుతుంటాయి కానీ గాలి లోపలికి చేరదు. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి అరనిమిషం. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది. ఒక్క ఎగపీల్పు, గట్టి గుర్రు, మళ్ళీ నిద్ర. తెల్లవారాక ఆయనకు ఇదేమీ గుర్తుండదు. గంటకు ఐదుకన్నా తక్కువసార్లు ఇలా జరిగితే పట్టించుకోరు. పదిహేను దాటితే ఓ మాదిరి జబ్బు, ముప్పై దాటితే తీవ్రం. గంటకు ముప్పై అంటే రెండు నిమిషాలకొకసారి. అలాంటి రాత్రి గడిపిన మనిషి పొద్దున లేచి మిమ్మల్ని చూసి నవ్వలేదని మీరు బాధపడుతున్నారు.

ఇప్పుడు మీరు రాసినవన్నీ ఒకసారి వరుసపెట్టి చూడండి. పొద్దున తలనొప్పి ఆక్సిజన్ తగ్గి, బొగ్గుపులుసు వాయువు పేరుకున్నందువల్ల కావచ్చు. ఉలిక్కిపడిన ప్రతిసారీ ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు ఎగుస్తాయి కాబట్టి బీపీ ఒక మాత్రకు లొంగదు. మూడుసార్లు మూత్రం సంగతి చాలామంది వైద్యులు కూడా అడగరు. గాలి కోసం ఛాతీ లాగుతున్నప్పుడు గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, బయటికి పంపమని మూత్రపిండాలకు ఒక హార్మోనుతో కబురు పెడుతుంది. షుగరు లేకుండా, అంతగా నీళ్ళు తాగకుండా రాత్రి మూడుసార్లు లేవడం వెనుక ఇది ఉండవచ్చు. ఇక చొక్కా పై గుండీ. మగవారిలో మెడ చుట్టుకొలత 43 సెంటీమీటర్లు, అంటే 17 అంగుళాలు దాటితే ఈ జబ్బును గట్టిగా అనుమానించాలి. మన వాళ్ళలో అంతకన్నా సన్నని మెడలకూ వస్తుంది. మీరు కుట్టుపని చేస్తారు, టేపు మీ మెడలోనే ఉంటుంది. ఒకసారి కొలవండి.

ఆ రెండు రాత్రుల సంగతి కూడా ఇందులోనే ఉంది. మగవారిలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను ప్రధానంగా నిద్రలో పెరుగుతుంది. 2011లో షికాగో విశ్వవిద్యాలయం వారు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళను వారం రోజులు రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చి చూశారు. పగటిపూట ఆ హార్మోను 10 నుంచి 15 శాతం తగ్గింది. అదీ ఇరవైల్లో ఉన్నవారికి, ఒక్క వారానికి. మీ వారికి 45, ఎన్నేళ్ళుగా ఇలా నడుస్తోందో ఎవరికీ తెలియదు. దీనికి తోడు బీపీ మాత్రల్లో కొన్ని కూడా అంగస్తంభనను దెబ్బతీస్తాయి. అలాగని మాత్ర మానకూడదు. రాసిన డాక్టరును నేరుగా అడిగితే మార్చి ఇస్తారు. అడగడానికి సిగ్గుపడి మాత్ర మానేసి పక్షవాతంతో వచ్చినవాళ్ళను చూశాను.

ఇంకొక మాట కొంచెం భయపెట్టేదే అయినా చెప్పాలి. అంగానికి వెళ్ళే రక్తనాళాలు గుండె నాళాలకన్నా సన్నవి. కొవ్వు పేరుకోవడం మొదలైతే ముందు అక్కడే తెలుస్తుంది, గుండెకు కొన్నేళ్ళ తరువాత. అందుకే 45 ఏళ్ళ బీపీ మనిషికి ఈ ఇబ్బంది వస్తే నేను పడకగదికన్నా ముందు గుండె గురించి ఆలోచిస్తాను. మూడు నెలల సగటు చక్కెర, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించండి. టెస్టోస్టిరాన్ కూడా చూడదలిస్తే రక్తం పొద్దున్నే ఇవ్వాలి, మధ్యాహ్నం ఇస్తే లెక్క తక్కువగా వస్తుంది.

నేను ఆయనను చూడలేదు కాబట్టి ఇదంతా అనుమానమే. తేల్చేది స్లీప్ స్టడీ అనే పరీక్ష. ఒక రాత్రి ఒంటికి తీగలు తగిలించి ఊపిరి, ఆక్సిజన్, గుండె వేగం నమోదు చేస్తారు. ఇంట్లోనే పెట్టుకునే చిన్న పరికరాలు కూడా ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు వెళ్ళినా, ప్రైవేటుకు వెళ్ళినా ముందు ఊపిరితిత్తుల వైద్యుడినో, చెవి ముక్కు గొంతు వైద్యుడినో కలవండి. జబ్బు ఉందని తేలితే ముఖ్యమైన చికిత్స సీప్యాప్ యంత్రం. ముక్కుకు తొడుగు పెట్టుకుంటే అది గాలిని మెల్లగా ఒత్తిడితో పంపి దారి మూసుకుపోకుండా చూస్తుంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్ దీన్ని లోకానికి చూపించాడు. అప్పటిదాకా తీవ్రంగా ఉన్నవాళ్ళకు గొంతుకు రంధ్రం చేయడమే దారి. యంత్రం చవకేమీ కాదు. అద్దెకు తీసుకుని కొన్నాళ్ళు చూసి కొనుక్కునేవాళ్ళు ఉన్నారు. మొదటి వారం ఏనుగు తొండంలా ఉందని ఆయన గొడవ చేస్తారు. పాప నవ్వుతుంది. నవ్వనివ్వండి.

ఈలోగా ఒక్క విషయంలో మొహమాటపడకండి. కూర్మన్నపాలెం నుంచి ఆటోనగర్ దాకా జాతీయ రహదారి మీద ట్రైలర్ల మధ్య బండి నడిపే మనిషికి సిగ్నల్ దగ్గర కునుకు పట్టిందంటే అది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. పరీక్ష అయ్యేదాకా ఆయనను బస్సులో వెళ్ళమనండి. వినకపోతే అత్తగారి చేత చెప్పించండి. ఆమె మీద మీరు రాసిన ఒక పేజీ ఫిర్యాదు చదివాక కూడా అంటున్నాను, కొడుకు ప్రాణం విషయంలో ఆమె మీ పక్షమే.

శనివారం రాత్రి స్నేహితులతో రెండు పెగ్గులు వేసుకుంటారని, ఆ రాత్రే గురక ఇంటి చూరు ఎగిరేలా ఉంటుందని రాశారు. ఉంటుంది. మద్యం గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది. మందు తాగితే నిద్ర బాగా పడుతుందన్నది సగం నిజం. మొదటి సగం రాత్రికే అది పనిచేస్తుంది, రెండో సగాన్ని ముక్కలు చేస్తుంది. నిద్రమాత్రల్లోనూ కొన్ని గురకను పెంచుతాయి. ఎవరో ఇచ్చారని తెచ్చి వేయకండి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకుంటే చాలామందికి తేడా తెలుస్తుంది. వీపు వెనుక గట్టి దిండు ఒకటి పెట్టండి. బరువు సంగతి ఆయనకూ తెలుసు, మీరు మళ్ళీ చెప్పనక్కరలేదు. ఒంటి బరువులో పదో వంతు తగ్గితే శ్వాస ఆగడాలు సుమారు నాలుగో వంతు తగ్గుతాయని మాత్రం ఎప్పుడైనా చెవిన వేయండి. రాత్రి పదిన్నరకు ఫ్రైడ్ రైస్ బదులు ఎనిమిదిన్నరకు రెండు పుల్కాలు, లేదా మీ ఊళ్ళో తాగినట్టు చోడి (రాగి) అంబలి. పట్నం వచ్చాక మనం అంబలిని పేదవాళ్ళ తిండి అని మానేశాం. ఇప్పుడు అదే బీచ్ రోడ్డులో నడకకు వచ్చేవాళ్ళు బండ్ల దగ్గర నిలబడి కొనుక్కుని తాగుతున్నారు.

ఫోను విషయంలో మీకూ నాకూ చిన్న తేడా ఉంది. ఫోను వెలుగు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ను వెనక్కి నెడుతుంది, నిజమే. ఒంటిగంట దాకా చూస్తే ఎవరికైనా నిద్ర చెడుతుంది. కానీ మీ వారికి ఫోను ఒక చాటు కూడానేమో ఆలోచించండి. రెండుసార్లు కుదరని మనిషికి మంచం పరీక్ష హాలులా అయిపోతుంది. మూడోసారి తప్పడంకన్నా ప్రశ్నాపత్రమే తీసుకోకపోవడం నయం. చేతిలో ఫోను ఉంటే భార్య అడగదు. భార్య నిద్రపోయేదాకా చూస్తే అడిగే అవకాశమే లేదు. మీరు ఆ గదిలోంచి వెళ్ళిపోయినప్పుడు ఆయన అడ్డుచెప్పలేదని రాశారు. మీకది నిర్లక్ష్యంగా కనిపించింది. నాకు ఊపిరి పీల్చుకున్నట్టు కనిపిస్తోంది.

ఇంకెవరైనా ఉన్నారా అంటే, లేరని నేను హామీ ఇవ్వలేను. ఏ డాక్టరూ ఇవ్వలేదు. కానీ రాత్రి మూడుసార్లు లేచి, పొద్దున తల పట్టుకుని, సిగ్నల్ దగ్గర కునికే మనిషికి మరో సంసారం నడిపే ఓపిక ఎక్కడిదని నాకు అనిపిస్తుంది. ఆయన ఫోను రహస్యంగా వెతకకండి. అడగదలిస్తే ముఖం చూసి అడగండి, కానీ పరీక్ష అయ్యాక.

ఇక మీ దగ్గరకు వస్తాను. లక్ష్మణుడు అడవిలో మెలకువగా ఉండడానికి అతడి నిద్ర కూడా కలిపి ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోయిందని మన ఆడవాళ్ళు చెప్పుకున్నారు. మీ ఇంట్లో కథ తిరగబడింది. ఆయనకు లేని నిద్ర మీకూ లేకుండా పోయింది. పావు తక్కువ ఐదుకు లేస్తారు, పాప బాక్సు, అత్తగారి కాఫీ, కుట్టు. సాయంత్రం ఐదుకు ఒక టీ, ఎనిమిదిన్నర సీరియల్‌తో ఇంకొకటి. పెళ్ళిళ్ళ రోజుల్లో రాత్రి పదకొండు దాకా ట్యూబులైటు కింద మిషను. మనం తాగిన టీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. ఎనిమిదిన్నర టీలో సగం రాత్రి రెండింటికి మీ నెత్తురులో తిరుగుతూ ఉంటుంది. ఆ టీ మానండి. అత్తగారికి తోడు కూర్చోవాలంటే మజ్జిగ గ్లాసుతో కూర్చోండి.

కాళ్ళు లాగుతున్నాయని, మంచం ఎక్కాక కదిలిస్తే తప్ప ఊరుకోవని కూడా రాశారు. ఇనుము తగ్గిన ఆడవాళ్ళలో ఇది తరచూ కనిపిస్తుంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ చూపించుకోండి. భర్తను ఆసుపత్రికి లాక్కెళ్ళే ఆడవాళ్ళు తమ చీటీ రాయించుకోవడం మరిచిపోతారు. ఒకే రోజు ఇద్దరి పేర్లూ రాయించండి.

నాలుగు పేజీల్లో ఎక్కడా కనిపించని మాట ఒకటి ఉంది. మీకు కావాలని ఉందా? ఆయనకు ఎందుకు లేదని అడిగారు, మీలో లోపమా అని అడిగారు, మీకు ఆ కోరిక ఉందో లేదో రాయలేదు. ఉంటే అది తప్పు కాదు, లేకపోతే అదీ తప్పు కాదు. రోజుకు ఐదున్నర గంటలు పడుకునే మనిషికి చాలా రోజులు ఉండదు. 2015లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో యువతులు ఒక గంట అదనంగా నిద్రపోయిన మరునాడు భాగస్వామితో దగ్గరయ్యే అవకాశం 14 శాతం పెరిగింది. ఏ పొడీ చేయని పని ఒక గంట నిద్ర చేసింది.

ఇప్పుడే హడావుడిగా ఆ గదికి తిరిగి వెళ్ళకండి. ఆయన చికిత్స మొదలయ్యేదాకా పాప గదిలోనే పడుకుని మీ నిద్ర మీరు కాపాడుకోండి. వేరే మంచం విడాకుల కాగితం కాదు. పడుకోవడం వేరు, దగ్గరవడం వేరు. రెండూ ఒకే మంచం మీద, ఒకే గంటలో, అదీ రాత్రి పదకొండుకు, పని అంతా అయ్యి ఒళ్ళు పులిసిపోయాక జరగాలని ఎవరు రాసిపెట్టారు? మీ ఉత్తరంలోనే ఒక కిటికీ దొరికింది. ఆదివారం తొమ్మిది నుంచి పదకొండు దాకా పాపకు ట్యూషన్. అదే సమయానికి అత్తగారు గోపాలపట్నంలో కూతురింటికి వెళతారు. అంటే వారానికి రెండు గంటలు ఆ ఇంట్లో మీరిద్దరే. ఆ రెండు గంటల్లో ఆయన శనివారం మత్తు దిగేదాకా పడుకుంటున్నారు, మీరు దుప్పట్లు ఉతుకుతున్నారు. దుప్పట్లు సోమవారం ఉతకండి. మొదటి నాలుగైదు వారాలు ఏమీ జరగాలని పెట్టుకోకండి. టిఫిను తిని, తలుపు వేసుకుని, పక్కపక్కన పడుకుని మాట్లాడుకోండి. ఇంటి అద్దె, పాప మార్కులు, అత్తగారు ఆ గదిలోకి రాకూడదు. ఎప్పుడైనా కుదిరితే పొద్దున్నే అప్పికొండ దాకా వెళ్ళి సముద్రం ఒడ్డున నడిచి రండి. మీకు బీచ్ రోడ్డుకన్నా అది దగ్గర, జనమూ తక్కువ.

అన్నట్టు, ఆ గది తలుపుకు గడియ ఊడిపోయి ఏడాది అయిందని అత్తగారి పేజీలో ఒక మూల రాశారు. పదమూడేళ్ళ పాప, పెద్దావిడ తిరిగే ఇంట్లో గడియ లేని గది! సంసారాల గురించి ముప్పై ఏళ్ళుగా సలహాలు చెబుతున్నాను, వాటిలో సగం వడ్రంగి చేసే పనులే.

చికిత్స మొదలైన కొన్ని వారాలకు పగటి మత్తు, చిరాకు తగ్గుతాయి. దాంపత్యం అంత త్వరగా దారికి రాకపోవచ్చు. మూడు నెలలు చూసి, అప్పటికీ ఇబ్బంది ఉంటే మూత్రవ్యాధుల నిపుణుడిని కలవండి. సరైన మాత్ర సరైన మోతాదులో, గుండె పరీక్ష అయ్యాక, ఆయనకు తెలిసేలా రాస్తారు. ఆయన మరీ దిగులుగా ఉన్నా, మీకే తట్టుకోలేనట్టు అనిపించినా 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైను, ఖర్చు ఉండదు, తెలుగులో మాట్లాడతారు.

ఆయన ఒప్పుకోరని మీ భయం. గురకపెట్టేవాడికి తన గురక వినపడదు కాబట్టి ఎవరూ ఒప్పుకోరు. మా వారూ ఒప్పుకోలేదు, ఆయన కూడా డాక్టరే. వాదన మానేసి ఒక రాత్రి ఫోనులో రికార్డు చేసి పొద్దున కాఫీతో పాటు వినిపించాను. గుర్రు మధ్యలో వచ్చిన నిశ్శబ్దాన్ని గడియారం చూసి లెక్కపెట్టారు, మారు మాట్లాడకుండా పరీక్షకు వెళ్ళారు. మీరూ అదే చేయండి. రాత్రి రెండు, మూడు గంటల మధ్య ఐదారు నిమిషాల వీడియో, ఛాతీ కనిపించేలా. ఆ వీడియో డాక్టరుకు కూడా పనికొస్తుంది. తీసేటప్పుడు ఫోను లైటు వేయకండి, బెడ్‌లైటు చాలు. మధ్యలో లేచారంటే మళ్ళీ ఇంకెవరో ఉన్నారనే గొడవ, ఈసారి ఆయన వైపు నుంచి.